దీపం ఎట్లా కొండెక్కింది?

ఆదివారం పొద్దున వాసవాంబ పూజ ముగించుకుని, వరండాలో పీట వేసుకుని వత్తులు చేస్తోంది. కార్తీకం దగ్గరికొచ్చింది. నంద్యాలలో వాళ్లది పూజాసామాన్ల అంగడి. మిషను వత్తులు పెట్టెల్లో వస్తున్నా, చేత్తో చేసినవే కావాలని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. వేళ్లకు విభూతి అద్దుకుని పత్తిని మెలిపెడుతుంటే ఆమెకు మనసు నెమ్మదిగా ఉంటుంది.

వరండాలోకి తెరుచుకునే కిటికీలో సెల్లు పెట్టి, గది లోపల కుర్చీలో కూర్చుంది కూతురు జాహ్నవి. సిగ్నలు ఆ కిటికీలోనే బాగా అందుతుంది. డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న ఆ పిల్లా, అలాంటివాళ్లే ఓ ముప్పైమందీ ప్రతి ఆదివారం పదిగంటలకు సెల్లులో ఒకచోట చేరి, ఒక జపాను బొమ్మల సీరియల్ గురించి వాదించుకుంటారు. దానికి వాళ్లు పెట్టుకున్న తెలుగు పేరు 'కప్పు కింది ఊరు'. అందులో, ఎప్పుడో రాబోయే కాలంలో ఒక ఊరంతటికీ ఇనుప కప్పు వేసేస్తారు. సూర్యుడు కనబడడు. వెలుతురు కూడా అధికారులు కొలిచి ఇచ్చినంతే. ఒక పిల్ల మాత్రం నేలమాళిగలో ఒక దీపాన్ని దొంగతనంగా కాపాడుతూ ఉంటుంది. పోయిన వారం ఆ దీపం పోయింది. ఎలా పోయిందో చూపించలేదు. ఇక మిగిలింది ఒక్క భాగమే.

ఈ కథంతా వాసవాంబకు తెలుసు. వద్దనుకున్నా ఏడాదిగా చెవిన పడుతూనే ఉంది.

"మన అంగట్లో అఖండ దీపాలు మూడు రకాలుండాయి. ఆ పిల్లకొకటి పంపిద్దామా?" అన్నాడు భర్త గురుమూర్తి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"ఊరుకో నాయనా, వినిపిస్తాంది వాళ్లకి," అంది జాహ్నవి లోపలినుంచి.

సెల్లులో వాదన సాగుతోంది. బనగానపల్లె నుంచి మాట్లాడే అజయ్ కుమార్ నూనె అయిపోయిందన్నాడు. జెస్సికా అనే అమ్మాయి అధికారులే వచ్చి ఆర్పేశారంది. జాహ్నవి ఒప్పుకోలేదు.

"ఆ పిల్లే ఆర్పింది. వెలుతురు కనబడితే దాక్కున్నోళ్లంతా దొరికిపోతారు గదా."

"కాపలా కాసిందే ఆర్పుతాదా అక్కా? ఎవురో ఆర్పేసి ఆ పిల్లమీదకి తోసినారు," అన్నాడు ఇంకో కుర్రవాడు. అతను 'కొండగాలి' అని పేరు పెట్టుకున్నాడు. గొంతు ఈమధ్యే మారినట్టు బొంగురుగా ఉంది. "దీపం ఆరిపోయినప్పుడు ఆడ ఎవురెవురుండారో చూడల్ల ముందు."

అప్పుడు ఆ కుర్రవాడి వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఏందిరా పొద్దన్నే ఆరిపోయింది, ఆరిపోయింది అని. కొండెక్కింది అను. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

వాసవాంబ చేతిలో వత్తి సగంలో ఆగింది.

ఆ గొంతు విని మూడేళ్లయింది. ఆళ్లగడ్డలో ఉండే అక్క సుబ్బరత్న గొంతు అది. దీపం ఆరింది అనకూడదని, కొండెక్కింది అనాలని చిన్నప్పుడు ఆ అక్కే తనకు నేర్పింది. అదే అక్క, అమ్మ పోయిన తొమ్మిదోనాడు, అమ్మ ప్రాణం విడిచిన చోట పెట్టిన దీపం పోయి ఉండటం చూసి, వదినలూ మరదళ్లూ అందరి ముందూ అంది: "ఆర్పేసినావు గదే." పదో రోజు వరకు నిలవాల్సిన దీపం. కర్మ ముగిసిన సాయంత్రమే వాసవాంబ నంద్యాల బస్సెక్కింది. మళ్లీ అక్క గడప తొక్కలేదు.

ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఎవురే వాడు?"

జాహ్నవి తలెత్తి తల్లి ముఖం చూసింది. అబద్ధం చెప్పి లాభం లేదనుకుంది కాబోలు.

"శ్రీహరి. పెద్దమ్మ కొడుకు."

"ఎన్నాళ్లనించి?"

"ఏడాదైంది. వాడే కనుక్కున్యాడు నన్ను. నీతో చెప్తే మాన్పిస్తావని చెప్పలే."

"ఏడాది. నా ఇంట్లో, నా కిటికీలోనించి." వాసవాంబ గొంతు పెరగలేదు. "మీ పెద్దమ్మ నన్ను నలుగుర్లో ఏమనిందో తెల్సా నీకు?"

"తెల్సు. ఆ ఒక్క మాటే మూడేళ్లనించి వింటాండా."

"వాసూ, పోనీలే," అన్నాడు గురుమూర్తి. అంగడి తాళాలు అతని చేతిలోనే ఉండిపోయాయి.

"పోనీ అంటే? ఆర్పినావు అనింది. కన్నతల్లి దీపాన్ని నేను ఆర్పుతానా?"

"మా," అంది జాహ్నవి. "మేమీడ ముప్పైమందిమి, చూపించని దీపం గురించి వారంనించి కొట్టుకుంటాండాం. ఎట్ల పోయిందో ఆ పిల్లకే తెల్సు. నీ దీపం సంగతి నీకు తెల్సు గదా. ఏమైందని నిన్ను నేను ఎన్నిసార్లడిగినా పెద్దమ్మ అన్న మాటే చెప్తావు గాని, ఏమైందో చెప్పవు."

రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేటప్పుడు వాసవాంబ స్వామిని అడిగేది ఒకటే. అక్క అన్న మాట నీకు వినబడలేదా అని. స్వామి ఎదురు ప్రశ్న వేసినట్టు ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు కూతురు వేసింది. ఇది ఆయన అడిగించిందేమో, ఎవరికి తెలుసు?

ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది.

"నిద్దరపోతి," అంది. "తెల్లారుజామున నా వంతు. గోడకానుకుంటి. ఎప్పుడు రెప్ప పడిందో తెలీదు. మీ పెద్దమ్మ మాటకే మెలకువొచ్చింది. అప్పటికే కొండెక్కి ఉండె. ఆర్పలేదని గట్టిగా అంటి గాని, నిద్దరపోతినని ఎవురికీ చెప్పలే. మీ నాయనకు గూడా."

గురుమూర్తి తాళాలు అరుగుమీద పెట్టాడు.

కిటికీలో సెల్లు ఒకసారి గరగరలాడింది.

"వాసూ."

జాహ్నవి చటుక్కున సెల్లు అందుకుంది. మైకు ఆపడం మరిచిపోయింది. ఈ మాటంతా ఆళ్లగడ్డ దాకా, బనగానపల్లె దాకా పోయింది. ఇప్పుడు ఆపబోతే తల్లి చెయ్యి పట్టుకుని వద్దంది.

"వాసూ, వింటాండావా?" అంది సుబ్బరత్న గొంతు.

"వింటాండా అక్కా."

"దాంట్లో నూనె లేదే. పడుకునే ముందు పొయ్యాల్సింది నేను. తొమ్మిది రోజుల అలసట, ఒళ్లు వాల్చేస్తి. తెల్లారి లేచి చూస్తే ప్రమిద ఎండిపోయి ఉండె. వదిన వాళ్లంతా నిలబడి చూస్తాండారు. నన్నంటారేమోనని భయపడి, ఆ మాట నీమీద పడేస్తి. మర్నాడు చెబ్దామనుకుంటి. అయినోళ్లందర్లో నోరు రాలే. ఆపైన నువ్వు పోతివి."

"మూడేళ్లు, అక్కా."

"రోజూ లెక్కబెట్టుకుంటినే."

వాసవాంబ కళ్లు తుడుచుకోలేదు. వేళ్లకు విభూతి ఉంది. ఏదో గుర్తుకు తెచ్చుకుంటున్నట్టు సెల్లు వైపు వంగింది.

"అక్కా, ఆపొద్దు మళ్లా ముట్టించిందెవురు?"

పోయిందెలాగో మూడేళ్లుగా ఇద్దరూ మరవలేదు. ముట్టించిందెవరో మాత్రం ఏ ఒక్కరూ తలుచుకోలేదు.

"కర్మ చేయించే అయ్యవారు వచ్చి, ముట్టించండమ్మా, దానికేం అన్యాడు గదా," అంది సుబ్బరత్న మెల్లగా. "నూనె పోసి అగ్గిపుల్ల గీసింది నేనే. కిటికీ గాలికి నిలవలే. నువ్వు ఏడుస్తానే వచ్చి రెండు చేతులూ అడ్డం పెడితివి."

వాసవాంబ కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంది. బొటనవేలి కింద కాలిన చోట చిన్న మచ్చ. వంటింట్లో కాలిందని ఇన్నాళ్లూ అనుకుంటోంది.

"ఇద్దరం గలిసే ముట్టించినాం," అంది.

"మరేంటికే ఇంత?" అంది అక్క. ముక్కు చీదుకోవడం వినిపించింది.

అంతవరకూ ఊపిరి బిగబట్టిన ముప్పైమందిలో అజయ్ కుమార్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఏమనుకోవద్దండి. నూనె అయిపోయిందని నేను ముందే చెప్తి."

"నీ నూనె నువ్వే ఉంచుకోరా," అన్నాడు శ్రీహరి బొంగురుగా. వాడూ ఏడ్చినట్టున్నాడు. "చిన్నమ్మా, పై ఆదివారం ఆఖరి భాగమొస్తాది. ఈడికి రండి, అందరం గలిసి చూద్దాం."

"ఆ పిల్ల మళ్లా ముట్టిస్తాదా?" అడిగింది వాసవాంబ.

"తెలీదు. దానిమీదే ఇంకా కొట్టుకుంటాండాం."

"ముట్టిస్తాదిలే. గాలికి అడ్డం పెట్టేదానికి ఇంకొకరుంటే చాలు."

ఆమె వెళ్లి మళ్లీ పీటమీద కూర్చుంది. సగంలో ఆగిన వత్తిని మెలిపెట్టి పూర్తి చేసింది. ఒక కట్ట కట్టి, అంగడికి పోయే బుట్టలో వెయ్యకుండా పక్కన పెట్టింది.

"అదేంటికి విడిగా?" అడిగాడు గురుమూర్తి తాళాలు తీసుకుంటూ.

"అది ఆళ్లగడ్డకు," అంది వాసవాంబ.