ప్రెస్సు గల్లీలో చెయ్యి

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లికి అడ్డదారిన పోయేవాళ్ళందరికీ ప్రెస్సు గల్లీ తెలుసు. మూడు గల్లీలు కలిసేచోట పాత ప్రింటింగ్ ప్రెస్సు ఒకటి ఉంది. తాళం తుప్పు పట్టి, కిటికీ రెక్కలు ఊడి, ఏళ్ళ తరబడి మూతబడి ఉంది. పగలు దాని గోడ పక్కన బండ్లు నిలుపుకుంటారు. పరీక్షలకు తయారయ్యే పిల్లలు పుస్తకం పట్టుకొని అటూ ఇటూ తిరుగుతూ చదువుకుంటారు. పొద్దుగూకితే మాత్రం అక్కడ ఎవరూ ఉండరు...

ఆ మూల ఒక చెయ్యి ఉందంటారు.

ప్రెస్సు నడిచే కాలంలో పుస్తకాలు కుట్టే ఒకామె మీద వానకు గోడ కూలిందట. మనిషంతా కింద, చెయ్యి ఒక్కటే పైన. "జర చెయ్యి ఇయ్యండి" అని రాత్రంతా పిలిచిందట. గల్లీ అంతా విన్నదట. ఒక్క తలుపూ తెరుచుకోలేదట. అప్పటి నుంచి చీకటి పడితే ఆమె పిలుస్తూనే ఉంటుంది. జాలిపడి చెయ్యి ఇచ్చినవాణ్ణి మట్టిలోకి గుంజుకుంటుంది.

ఇందులో నిజమెంతో ఎవరూ విచారించలేదు. మనిషి మంచిమాటను పదిసార్లు తూచి గాని నమ్మడు. చెడ్డమాటను మాత్రం విన్నది విన్నట్టే పక్కవాడికి అప్పగిస్తాడు.

ప్రహ్లాద్ ఆ దగ్గర్లోనే కిరాయికి ఉంటాడు. అశోక్‌నగర్‌లో జిరాక్స్ దుకాణం. ఒకరి జోలికి పోడు, ఒకరు తన జోలికి వస్తే సహించడు. చెడ్డవాడు కాడు. అయితే చెడ్డవాడు కాకపోవడం మంచితనంలో సగమే.

ఆ వానాకాలం అతని కూతురు తన్మయికి జ్వరం పట్టుకుంది. మూడో తరగతి చదివే పిల్ల. దగ్గర్లోని డాక్టర్ గోళీలు ఇచ్చాడు. నాలుగు రోజులు కాగి కాగి, ఆ రోజు పగలు జ్వరం దిగిపోయింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. కాని సాయంత్రానికి పిల్ల వాడిన తోటకూర కాడలా వాలిపోయింది. కడుపు నొప్పి అని మూలుగుతుంది, కళ్ళు తెరవదు. చేతులూ కాళ్ళూ చల్లగా ఉన్నాయి.

"జ్వరం లేదు. ఒళ్ళు చూస్తే ఐసు లెక్క ఉంది," అంది ప్రహ్లాద్ తల్లి రాజకుమారి. "ఇది రోగం కాదు బిడ్డా. ట్యూషన్ నుంచి ఆ ప్రెస్సు ముందట నుంచే కద వచ్చేది. గాలి తాకింది."

"దవాఖానకు తీసుకపోదాం," అంది అతని భార్య భాను.

"పోదురు గని, ముందుగాల దిష్టి తియ్యనియ్యి. గాలి మీదున్నంక ఎన్ని సూదులు పొడిపిస్తే ఏం లాభం?"

ప్రహ్లాద్ ఇద్దరి నడుమ నిలబడ్డాడు. భయపడ్డవాడికి ఎవరి గొంతు గట్టిగా ఉంటే వాళ్ళ మాటే నిజమనిపిస్తుంది. తల్లి గొంతు గట్టిగా ఉంది.

రాజకుమారి మోదుగాకు విస్తరిలో పసుపన్నం పెట్టింది. మీద కోడిగుడ్డు, కోసిన నిమ్మకాయ, కుంకుమ. పిల్ల చుట్టూ తిప్పి కొడుకు చేతిలో పెట్టింది.

"ఆ మూడు బాటల కాడనే పెట్టిరా. లైటు వెయ్యకు. పెట్టినంక ఎవరు పిలిచినా పలుకకు. వెనకకు తిరిగి చూడకు. చూసినవా... తీసిందంతా మళ్ళ పిల్ల మీదికే వస్తది. పిల్ల దక్కదు."

ప్రహ్లాద్ బయలుదేరాడు.

వాన అప్పుడే వెలిసింది. గల్లీలో కరెంటు దీపం ఆరిపోయి ఉంది. చూరుల నుంచి నీళ్ళు టప్... టప్... మని కారుతున్నాయి. విస్తరి వేడిగా ఉంది.

మలుపు తిరిగాడు. ప్రెస్సు గోడ నల్లగా కనిపించింది. దాని ముందు, నడిరోడ్డు మీద... ఎవరో నిలబడి ఉన్నారు.

జుట్టు విరబోసుకున్న ఆడమనిషి.

మెల్లగా ఊగుతోంది. అటు... ఇటు... కాళ్ళు కనిపించడం లేదు. నడుము నుంచి కింద ఏమీ లేదు.

ఇంకా ముందుకు పోవాలి. పోలేకపోయాడు. ఉన్నచోటనే వంగి విస్తరి కింద పెట్టాడు, గిరుక్కున తిరిగాడు, నడిచాడు. పరుగెత్తకూడదు. పరుగెత్తితే వెంటబడుతుందంటారు.

కొంచెం దూరం పోయాడో లేదో—

వెనక సరసరమని చప్పుడు. తర్వాత దబ్బున ఏదో పడింది.

నడుస్తూనే ఉన్నాడు.

"బిడ్డా..."

ఆడగొంతు. సన్నగా, నేలలోంచి వచ్చినట్టు.

"ఎవరో పోతున్నరు... జర చెయ్యి ఇయ్యి బిడ్డా."

అవే మాటలు. ఇన్నేళ్ళుగా గల్లీ అంతా చెప్పుకునే మాటలు. తన్మయి ముఖం కళ్ళ ముందు కదిలింది. వెనకకు చూడకు... పిల్ల దక్కదు.

"దెయ్యాన్ని కాను. మనిషినే."

దెయ్యమైతే మాత్రం, దెయ్యాన్నని చెప్పుకుంటుందా? అడుగు వేశాడు. ఇంకో అడుగు వేశాడు.

తర్వాత ఆ గొంతు, ఈసారి ఆశ వదులుకున్నట్టుగా, మామూలుగా అంది.

"భయమైతే రాకు తియ్యి. కాని ఆ కొమ్మ పడిపోయింది... జర నిలబెట్టిపో. చీకట్ల బండోళ్ళు చూసుకోరు. గుంతల పడ్తరు."

ప్రహ్లాద్ ఆగిపోయాడు.

చెయ్యి ఇమ్మని ఏ దెయ్యమైనా అడుగుతుంది. రమ్మంటుంది, ఏడుస్తుంది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు పడిపోతారని దిగులుపడే దెయ్యం ఉంటుందా? అది మనిషి పని. మనుషుల్లో కూడా కొందరి పని.

కాని తిరిగితే... పిల్ల?

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "తల్లీ, తప్పయితే నా మీద పడనీ," అని గొణిగాడు. వెనకకు తిరిగాడు.

జేబులోంచి ఫోన్ తీసి లైటు వేశాడు. ఊగుతున్న ఆడమనిషి లేదు. రోడ్డు మీద కానుగ కొమ్మ ఒకటి ఆకులతో పడి ఉంది. దాని పక్కన నల్లగా గుంత. దాని అంచు మీద—

ఒక చెయ్యి.

బురద పూసుకొని ఉంది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి.

ప్రహ్లాద్ బోర్లా పడుకొని తన చెయ్యి చాపాడు. ఆ వేళ్ళు అతని మణికట్టును పట్టుకున్నాయి. చల్లగా ఉన్నాయి, చచ్చినవాళ్ళ చెయ్యిలా. గట్టిగా గుంజాయి. అతని ఛాతీ కింద మట్టి కదిలింది... జారింది...

సరిగ్గా అప్పుడు ఒక బండి మలుపు తిరిగింది. దాని వెలుగులో ఒక్క క్షణం అంతా తెల్లగా కనిపించింది. ప్రహ్లాద్ తలకిందులుగా గుంతలోకి పోతున్నాడు. మట్టిలోంచి వచ్చిన చెయ్యి అతన్ని పట్టుకొని ఉంది.

బండి కీచుమని ఆగి, వెనకకు తిరిగి, వచ్చిన దారినే మాయమైంది.

గుంతలో నడుముల్దాకా నీళ్ళు. ప్రహ్లాద్ లేచి నిలబడి, గట్టు మీదే పడి ఉన్న ఫోన్ అందుకొని వెలుగు చూపాడు. గుంత గోడకు ఆనుకొని ముసలామె ఒకతె వణుకుతోంది.

"ఎవరు నువ్వు?"

"కురుమమ్మను బిడ్డా. స్టడీ హాల్ ఊడుస్త. రాంనగర్ల ఉంట." పళ్ళు టకటకమంటున్నాయి. "కాలు ఇరిగింది."

"ఎట్ల పడ్డవ్?"

"నల్లా పైపు కోసమని తవ్విన్రు, గట్లనే ఇడిసిపెట్టి పోయిన్రు. ఎవలన్న పడ్తరని కొమ్మ ఇరిచి నిలబెట్టిన. నిలబెట్టినంక మట్టి జారింది. కొమ్మ మీద, నేను కింద."

ఈ నగరంలో మూతలేని గుంత కనిపిస్తే ఎవరో ఒకరు చెట్టుకొమ్మ నాటిపోతారు. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగరు.

"ఎవరూ రాలేదా?"

"వచ్చిన్రు, పోయిన్రు. పిలిస్తె నడిచేటోళ్ళు ఉరికిన్రు. బండ్లోళ్ళు హారన్ కొట్టుకుంట పోయిన్రు. ఒకాయన దేవుని పేరు సదువుకుంట పోయిండు. ఆ దేవుడన్న ఆగిండేమో గని, ఆయన ఆగలే."

అతను ఆమెను భుజం మీదికి ఎత్తి పైకి నెట్టాడు. తానూ పాకి బయటపడ్డాడు. కురుమమ్మ నొప్పితో మూలుగుతూనే, "కొమ్మ," అంది. ప్రహ్లాద్ కొమ్మను లోతుగా నాటిన తర్వాత గాని ఆమెను ఎత్తుకోలేదు. మెయిన్ రోడ్డు మీద ఆటో దొరికింది.

ఆటోను ఇంటి ముందు ఆపించాడు. ఒళ్ళంతా బురదతో లోపలికి వచ్చిన కొడుకును చూసి రాజకుమారి నిలువునా నీరైపోయింది.

"వెనకకు చూసినవారా?"

"చూసిన."

"ఎందుకు చూసినవ్ రా... నా బిడ్డను ఏం చేసినవ్ రా..."

"మనిషి పిలిచింది అమ్మా."

దిష్టి చెడిపోయింది. గాలి వదిలిందో లేదో చూద్దామని తెల్లారేదాకా కూర్చోవడానికి ఇప్పుడు సాకు లేదు. మిగిలింది దవాఖాన ఒక్కటే. అతను తన్మయిని ఎత్తుకున్నాడు. భాను ముందే చెప్పులు వేసుకొని నిలబడి ఉంది.

ఆటోలో కురుమమ్మ విరిగిన కాలును ఒక పక్కకు పెట్టుకొని, పిల్ల పాదాలను తన ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా రుద్దుతూనే ఉంది. ప్రహ్లాద్‌కు ఆ రుద్దుతున్న చేతుల మీద నుంచి చూపు మరలలేదు. ఒకవేళ తల్లి మాటే నిజమైతే... ఈ చెయ్యి పట్టుకున్నందుకే పిల్ల పోతే...

దవాఖానలో డాక్టరమ్మ పిల్ల నాడి పట్టుకుంది. ముఖం మారింది. మనుషులను పిలిచింది, సెలైన్ సీసాలు ఎక్కించింది. తర్వాత గాని బయటికి రాలేదు.

"డెంగీ. జ్వరం తగ్గిందని ఇంట్లోనే పెట్టుకున్నారు కదా? అసలు గండం మొదలయ్యేదే అప్పుడు. తెల్లారేదాకా ఆగి ఉంటే నేను చేయడానికి ఏమీ మిగిలేది కాదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చూద్దాం."

ఆ రాత్రి ప్రహ్లాద్ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. నర్సు నడిచిన ప్రతిసారీ లేచి నిలబడేవాడు. వెనకకు చూసినవారా... ఆ మాట చెవుల్లో మోగుతూనే ఉంది. అతను జవాబు వెతకలేదు. చేసింది మంచో చెడో ఫలితం చూసి నిర్ణయించుకునేవాడు బేరగాడు. తిరగవలసి వచ్చింది, తిరిగాడు. అంతే.

తెల్లవారుజామున పిల్ల కళ్ళు తెరిచింది. "మమ్మీ, నీళ్ళు," అంది.

భాను కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

మధ్యాహ్నం ప్రహ్లాద్ వరండాలో నిలబడి ఉండగా పక్క వాటాలో ఉండే ఉదయ్ కుమార్ మెట్లెక్కి వచ్చాడు. చేతిలో అరటిపండ్ల సంచి, భాను కోసం ఫ్లాస్కులో చాయ్. ప్రహ్లాద్‌ను చూసి అక్కడే బిగుసుకుపోయాడు. అతని చూపు మెల్లగా కిందికి దిగి ప్రహ్లాద్ పాదాల మీద ఆగింది. దెయ్యానికి పాదాలు వెనకకు తిరిగి ఉంటాయంటారు.

"ఏంది ఉదయ్, అట్ల చూస్తున్నవ్?"

"ఏం లేదన్న..."

"చెప్పు."

"రాత్రి బండి మీద వస్తున్న అన్న. నా కండ్లతోని చూసిన. భూమిలకెళ్ళి చెయ్యి వచ్చి నిన్ను గుంజుకపోయింది." గొంతు గుసగుసగా మారింది. "పొద్దున బస్తీల అందరికీ చెప్పిన. నువ్వే పిల్లను దవాఖానకు తీసుకపోయినవని మీ అమ్మ చెప్పినా నమ్ముతలేరు, నువ్వు లేవనే అనుకుంటున్నరు."

"చూసినంక ఏం చేసినవ్?"

ఉదయ్ తల దించుకున్నాడు. పాదాలను చూడటానికి కాదు ఈసారి.

ప్రహ్లాద్ అతన్ని తిట్టలేదు. నిన్న రాత్రి దాకా తానూ అదే మనిషి. కింది వార్డు వైపు చూపించాడు.

"కిటికీ పక్క మంచం. పేరు కురుమమ్మ. కాలికి కట్టు కట్టిన్రు. పొద్దటి నుంచి ఎవరూ రాలేదు. పోయి చాయ్ పోసిరా."

"ఎవరన్న ఆమె?"

"నువ్వు చూసిన చెయ్యి."

ఉదయ్ అరటిపండ్ల సంచి ప్రహ్లాద్ చేతికి ఇచ్చాడు. తర్వాత దిగిపోయాడు. వార్డులో ముసలామె కళ్ళు మూసుకొని పడుకొని ఉంది. అతను ఫ్లాస్కు మూత తీసి కప్పులో చాయ్ పోశాడు. ఆ వాసనకు ఆమె కళ్ళు తెరిచి, దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి చాపింది.

ఉదయ్ ఒక అడుగు వెనకకు వేశాడు. వేసి, మళ్ళీ ముందుకు వచ్చి, ఆ చేతిలో కప్పు పెట్టాడు. చెయ్యి వెచ్చగా ఉంది.