రెండు వైపులా పడిన నీడలు

నిన్న ఉదయం తొమ్మిది గంటలకు మొక్కల నర్సరీ గేటు దాటి లోపలికి వెళ్ళిన యజమాని మళ్ళీ బయటికి రాలేదు.

గేటు దగ్గర కెమెరా ఉంది. చుట్టూ ముళ్ళకంచె. పోలీసు జాగిలం వచ్చింది. ఎరువుల ఘాటుకి తుమ్మి తుమ్మి తిరిగి వెళ్ళిపోయింది. పైగా ఇవాళ మధ్యాహ్నం నుంచి ఒకటే వాన.

నర్సరీ ఆఫీసంటే ఓ రేకుల గది. కిటికీ తెరిస్తే జల్లు, మూస్తే ఉక్క. లోపల నలుగురు: ఇన్‌స్పెక్టర్, యజమాని భార్య, అతని తమ్ముడు, బిక్కచచ్చి కూర్చున్న వ్యాన్ డ్రైవర్. యజమాని ఫోను దొరికింది ఈ డ్రైవర్ వ్యాన్‌లోనే.

ఇన్‌స్పెక్టర్‌కి ఇరుకు గదులంటే చిన్నప్పటి నుంచీ భయం. ఆమె కాలరు బొత్తాం విప్పుకుంది.

"వ్యాన్ ఎప్పుడు కదిలింది?"

"కదల్లేదు మేడమ్. బ్యాటరీ డౌన్."

"ఫోన్ ఎవరు పెట్టారు?"

"నాకు తెలిస్తే ఒట్టు."

"వీడికి నాలుగు తగిలిస్తే నిజం వాడే కక్కుతాడు," అన్నాడు తమ్ముడు.

"నువ్వుండవయ్యా!" వదిన కసిరింది. "కదలని బండిలో మీ అన్నని ఎక్కడికి తీసుకెళ్తాడు? ఆయన ఇక్కడే ఎక్కడో ఉన్నారు. నా మనసుకి తెలుస్తోంది."

ఈమె భర్త ప్రాణాలతో ఉంటే చాలు దేవుడా, అనుకుంది ఇన్‌స్పెక్టర్.

"ఈ నేలలో పాత బావి గానీ, ట్యాంకు గానీ ఉందా?"

"అబ్బే, ఆ అనుమానమే వద్దు." తమ్ముడు లాప్‌టాప్ తెరిచాడు. అన్న మొక్కలు అమ్మితే తమ్ముడు ప్లాట్లు అమ్ముతాడు. శాటిలైట్ మ్యాపులు అతనికి వెన్నతో పెట్టిన విద్య. పాత ఏళ్ళ ఫొటోలు చూపించే టైమ్ స్లైడర్ వెనక్కి లాగాడు. షెడ్లు పోయాయి. మొక్కలు పోయాయి. "మేం కొనడానికి ముందు ఏడాది ఇది. కింద తేదీ చూడండి. ఉత్త బీడు."

తేదీ ఉంది. బీడూ ఉంది.

ఇన్‌స్పెక్టర్ తెర మీదికి వంగింది. మధ్యలో చెట్ల నీడలు పొడుగ్గా పైకి పడ్డాయి. ఓ మూలనున్న చెట్టు నీడ మాత్రం పొట్టిగా కిందికి పడింది.

"ఒకే పూట సూర్యుడు రెండు వైపులా ఉంటాడా?"

తమ్ముడు లాప్‌టాప్ మూయబోయాడు. ఆమె ఆపింది.

"ఇది ఒక్క ఫొటో కాదు. వేర్వేరు రోజుల ముక్కలు కలిపి కుట్టిన బొంత. కింద కనబడే తేదీ తెర మధ్యలో ఉన్న ముక్కది. మూలది కాదు. రోజూ ప్లాట్లు చూపించే మీకు ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను."

ఆమె మూలని తెర మధ్యకి జరిపింది. తేదీ ఠక్కున మారింది. నేల కొన్న తర్వాతి ఏడాది!

స్లైడర్ ఇంకాస్త వెనక్కి జరిగింది. ఆ మూలనే గుండ్రంగా, నల్లగా నోరు తెరుచుకుని ఒక ట్యాంకు. ఇప్పుడు సరిగ్గా దాని మీదే ఎరువుల షెడ్డు ఉంది.

"మూత వేయించి మట్టి కప్పించాక తీసిన ముక్కని మాకు చూపించారు," అంది ఇన్‌స్పెక్టర్.

"ఆ షెడ్డు దగ్గరుండి కట్టించింది నువ్వే కదయ్యా!" వదిన లేచి నిలబడింది. "ట్యాంకు సంగతి నాకు చెప్పనేలేదు. ఈ నేల అమ్మడానికి ఆయన సంతకం పెట్టలేదనేనా ఇదంతా?"

తమ్ముడు తలుపు వైపు చూశాడు. డ్రైవర్ అప్పటికే తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"అందులోకి వాననీళ్ళు వెళ్తాయా?" ఇన్‌స్పెక్టర్ తమ్ముడిని అడిగింది.

"పాత పైపు ఒకటుంది," అన్నాడు తమ్ముడు, తల దించుకుని.

అందరూ వానలో పరుగెత్తారు. కానిస్టేబుళ్ళు ఎరువుల బస్తాలు పక్కకి లాగేశారు. గునపాలతో ఇనుప మూత పైకెత్తారు. ఇన్‌స్పెక్టర్ ఊపిరి బిగబట్టి టార్చి వేసింది. మెడ దాకా నీళ్ళు. గోడని కరుచుకుని మనిషి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పైకి లాగి పడుకోబెట్టారు. భార్య అతని తల ఒళ్ళోకి తీసుకుని భోరుమంది. అతను వణుకుతూ చుట్టూ వెతికాడు.

"తమ్ముడేడి? పైపు చూడ్డానికి నేను లోపలికి దిగాక, 'నిచ్చెన జారిపోయింది అన్నయ్యా, తాడు తెస్తా' అని వెళ్ళాడు. మూత కూడా పడిపోయింది. వాడొక్కడూ దాన్ని ఎత్తలేడు. ఇంతసేపూ రాలేదంటే... వాడికేమన్నా అయిందా?"

జీపులో సంకెళ్ళతో కూర్చున్న తమ్ముడికి ఆ మాట వినబడింది.

భార్య చీర కొంగుతో భర్త ముఖం తుడిచింది. చాలాసేపు తుడుస్తూనే ఉంది.

"బాగానే ఉన్నాడు," అంది చివరికి.