కోతపడ్డ స్కేట్లు

శనివారం పొద్దున్నే డిటెక్టివ్ ఒరెస్ట్ బాబియాక్ ఆఫీసు తలుపు తట్టిన ఆవిడ, కూర్చోమంటే కూర్చోలేదు. కోటు గుండీలు ఒకదానికి బదులు ఒకటి పెట్టుకుని వచ్చింది. పేరు ఇర్మా హౌగెన్. బిట్టర్ క్రీక్‌లో ఆమెను ఎరగనివాళ్లు లేరు. ఊరి జూనియర్ ఐస్ హాకీ జట్టులో ఆడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చే కుర్రాళ్లను ఊళ్లోవాళ్లు తలా ఇద్దరిని ఇంట్లో పెట్టుకుని సాకుతారు. ఇర్మా చేతి కూడు తిని ఎదిగిన కుర్రాళ్లు దేశం నిండా ఉన్నారు.

"మా లూక్‌ని జట్టులోంచి గెంటేశారు బాబియాక్‌గారూ. మధ్యాహ్నం బస్సుకి పంపించేస్తున్నారు. వాడేం చేయలేదు. ఆ సంగతి మీరు తేల్చాలి."

"ఏం చేశాడంటున్నారమ్మా?"

"డారిల్ స్కేట్లు కోసేశాడంటున్నారు."

గది మూలన కూర్చున్న సహాయకుడు పెనర్ చేతిలో కాఫీ కప్పు ఆగిపోయింది. ఆ సాయంత్రమే జాతీయ జూనియర్ టోర్నమెంటు ఫైనల్. ఈ మారుమూల ఊరికి ఆ పండగ రావడం అదే మొదటిసారి. డారిల్ మాకే జట్టు కెప్టెన్. జూన్‌లో పెద్ద జట్లు కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు ముందు పిలిచేది వాడి పేరేనని ఊరు ఊరంతా నమ్ముతోంది.

"కొత్తవి కొనుక్కోవచ్చు కదా?" అన్నాడు పెనర్.

"నువ్వు ఎప్పుడూ ఆడలేదని తెలుస్తూనే ఉంది," అన్నాడు బాబియాక్, జేబులోంచి పొద్దుతిరుగుడు గింజలు తీసి నోట్లో వేసుకుంటూ. "కొత్త స్కేట్లు కాలికి లొంగడానికి వారాలు పడుతుందోయ్. వాటితో ఫైనల్ ఆడటమంటే రాళ్లు కట్టుకుని ఈదడమే. పద."

బాబియాక్ భారీ మనిషి. నడక నెమ్మది, చూపు మాత్రం గద్ద చూపు. ఆయన అంచనా ఎప్పుడూ తప్పదన్నది పెనర్ నమ్మకం. ఏళ్లు గడిచినా ఆ నమ్మకానికి ఒక్క చిల్లు పడలేదు.

ఇర్మా ఇంట్లో వంటగది చీకటిగా ఉంది. ఏడు నెలల చలికాలం వెళ్లి, ఊళ్లో ప్రతి ఇల్లూ కిటికీలు బార్లా తెరుచుకుని ఎండ కోసం మొహం వాచి ఉంటే, ఇక్కడ మందపాటి పరదాలు దించి ఉన్నాయి. భోజనాల బల్ల మీద తువ్వాళ్లు పరిచి, వాటి మీద పళ్లాలు పెట్టారు. పళ్లెం పెట్టినా చప్పుడు రాదు. బాబియాక్ ఒక పళ్లెం ఎత్తి, మళ్లీ దించాడు.

స్కేట్లు బల్ల పక్కనే ఉన్నాయి. రెండు బూట్ల అడుగునున్న ఉక్కు బద్దలనూ నడిమధ్యన రంపంతో సగం లోతుకి కోసేశారు. గుడ్డివాడు తడిమినా తెలిసేంత గాడి.

"ఇవి ఇంటికెందుకొచ్చాయి? మిగతావాళ్లవి మైదానం దగ్గరే ఉంటాయిగా?"

"జట్టు వరసగా గెలవడం మొదలైన దగ్గర్నుంచి వాడు వీటిని ఇంటికి తెచ్చుకుని మంచం కింద పెట్టుకుంటున్నాడు. నమ్మకం వాడిది," అంది ఇర్మా. ఆ ఆటలో నమ్మకాలను చూసి ఎవరూ నవ్వరు. గోల్ కీపరు చలికాలమంతా మేజోళ్లు ఉతకనే లేదు.

"ఈ ఇంట్లో ఎవరెవరున్నారు రాత్రి?"

"నేను, డారిల్, లూక్. మా ఆయన రైలు పని మీద ఊరెళ్లారు. డారిల్ నాన్న ఏంగస్ పొలం నుంచి వచ్చాడు గానీ హోటల్లో దిగాడు. కుర్రాళ్లిద్దరిదీ ఒకటే గది. అందుకే లూక్ మీద పడ్డారు. డారిల్ ఆడకపోతే వాడి చోటు లూక్‌కి వస్తుందని."

"డారిల్‌కి వేరే జత లేదా?"

"పాతవి ఉన్నాయి. కొట్టు గదిలో." ఆమె గొంతు కాస్త తగ్గింది. "అవీ కోసేశారు."

కింద కొట్టు గదిలో బంగాళాదుంపల బస్తాల వెనక, చెక్కపెట్టెలో పాత గుడ్డల అడుగున దొరికాయి ఆ రెండో జత. పెట్టె మూత మీద దుమ్ము చెదిరి ఉంది. గోడకు ఇనుము కోసే రంపం వేలాడుతోంది. బాబియాక్ ఇవన్నీ చూసి, గింజల తొక్కలు జాగ్రత్తగా అరచేతిలో ఊసుకుని, పైకి వచ్చాడు.

డారిల్ ముందు గదిలో సోఫా మీద ఉన్నాడు. ఇంట్లోనే టోపీ కళ్ల మీదికి లాక్కుని కూర్చున్నాడు. పక్కన తండ్రి ఏంగస్, రాతిగోడలాంటి మనిషి.

"స్కేట్లు చివరిసారి ఎప్పుడు చూశావు బాబూ?"

"పడుకునే ముందు సార్."

"పాత జత ఎక్కడుందో నీకు తెలుసా?"

"లేదు సార్. ఇర్మా పిన్ని ఎక్కడో దాచింది."

"ఇవాళ ఏ వారం?"

"గురువారం," అన్నాడు డారిల్ ఠక్కున, పాఠం అప్పజెప్పినట్టు. "రెండో పీరియడ్. మూడు–రెండు, మనమే ముందున్నాం."

"శనివారం కదా?" అనేశాడు పెనర్. బాబియాక్ బూటు అతని కాలి మీద పడింది, కానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది.

డారిల్ నవ్వాడు. "ఆటపట్టించాను సార్."

ఏంగస్ మాత్రం నవ్వలేదు. "దొంగని పట్టుకోమంటే నా కొడుకుని పరీక్షలు పెడుతున్నారేంటి మీరు?" అన్నాడు.

మైదానం దగ్గర కోచ్ వెర్న్ హాలిడే కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. "ఆడని కుర్రాళ్ల స్కేట్లన్నీ తొడిగించి చూశాం. ఒకటి బిగుతు, ఒకటి వదులు," అన్నాడు.

"లూక్‌వి?"

"ద్రోహి వస్తువు మా జట్టులో ఎవడూ ముట్టుకోడు. వాడి సంచి వాడి మొహాన కొట్టి పంపించాను. నిన్న బట్టలు మార్చుకునే గదిలో వాడే అన్నాడట, 'నువ్వు ఫైనల్ ఆడకూడదు, నేను ఆడనివ్వను' అని. పదిమంది విన్నారు. ఇంకేం కావాలయ్యా నీకు?"

లూక్ బెల్‌రోజ్ బస్సు స్టాండులో సంచి మీద కూర్చుని ఉన్నాడు. ఫ్రెంచి మాట్లాడే క్విబెక్ ప్రాంతం కుర్రాడు. ఈ ఊరి మాట సరిగ్గా పలకడు. నింద వేయడానికి అంతకంటే అనువైన మనిషి ఎవరు దొరుకుతారు?

"నిన్న కెప్టెన్‌ని ఆడొద్దన్నావు. ఎందుకు?"

కుర్రాడు నేల చూపులు చూశాడు.

"సరే, వేరేది అడుగుతాను. గురువారం, రెండో పీరియడ్, మూడు–రెండు. ఇది వాడికి చెప్పిపెట్టింది నువ్వేనా?"

లూక్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. "తలకి దెబ్బ తగిలితే డాక్టరు వచ్చి మూడు ప్రశ్నలు అడుగుతాడు సార్. ఏ వారం, ఆట మూడు భాగాల్లో ఏ పీరియడ్, స్కోరెంత. డాక్టరు వచ్చేలోపల పక్కన కూర్చున్నవాడు చెవిలో జవాబులు చెప్తాడు. అందరం చేస్తాం. నాకూ చేశారు. గురువారం ఆటలో వాడి తలకి దెబ్బ తగిలినప్పుడు పక్కన నేనే ఉన్నాను. మర్నాడు చూస్తే వాడికి చెంచా చప్పుడు కూడా పడట్లేదు. వెలుతురు చూడలేకపోతున్నాడు. రెండుసార్లు కక్కుకున్నాడు. నేనే కదా చేశాను సార్. అందుకే ఆడొద్దన్నాను."

"స్కేట్లు కోసింది నువ్వా?"

"కాదు. నాకు ఆ బుద్ధి పుడితే బాగుండేది."

బయటికొచ్చాక పెనర్ ఉండబట్టలేక అడిగాడు: "ఎవరో తెలిసిపోయిందా గురువుగారూ?"

"తెలిసింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ దొరక్కుండా ఉండాలని ప్రయత్నమే చేయలేదోయ్. అందరినీ ఆ వంటగదికి పిలు. లూక్‌ని సంచితో సహా తీసుకురా. నిజం చెప్తే లూక్ పేరూ నిలబడుతుంది, డారిల్ తలా నిలబడుతుంది."

ఆ మాట విని పెనర్ గుండె నిండిపోయింది.

పరదాలు దించిన వంటగదిలో అందరూ చేరారు. కోచ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. తండ్రీ కొడుకులు బల్ల దగ్గర కూర్చున్నారు. లూక్ గోడకు ఆనుకున్నాడు. ఇర్మా పొయ్యి దగ్గర, చేతులు కొంగులో దాచుకున్నట్టు ఏప్రన్‌లో చుట్టుకుని ఉంది. బాబియాక్ కోసిన స్కేటు ఎత్తి చూపించాడు.

"కెప్టెన్ని దెబ్బతీయాలనుకునేవాడు ఏం చేస్తాడు? అంచును కంటికి కనపడనంత సన్నగా అరగదీస్తాడు. ఆటలో మలుపు దగ్గర కాలు జారుతుంది, మోకాలు పోతుంది. ఎవరికీ అనుమానం రాదు. వీటిని చూడండి. చేతిలోకి తీసుకోగానే తెలిసేట్టు కోశారు. కోసినవాళ్లకి వీడు మంచు మీద పడటం ఇష్టం లేదు. అసలు మంచు మీద అడుగుపెట్టడమే ఇష్టం లేదు. అంటే శత్రువు చేసిన పని కాదు. మరి రెండో జత? అది ఎక్కడుందో డారిల్‌కే తెలియదు. లూక్‌కి ఎలా తెలుస్తుంది? దాచిన చేతికే తెలుస్తుంది." ఆయన గొంతు తగ్గించాడు. "పళ్లాల కింద తువ్వాళ్లు వేసిన చేయి, కిటికీలకు పరదాలు దించిన చేయి కూడా అదే. అవునా అమ్మా?"

"అవును," అంది ఇర్మా. "నేనే కోశాను. వెర్న్‌కి చెప్పాను. ప్రతివాడికీ తల దిమ్మెక్కుతుంది, అదే పోతుందన్నాడు. డాక్టరుకి చెప్పాను. అన్ని జవాబులూ సరిగ్గా చెప్పాడమ్మా అన్నాడు. ఇంకెవరికి చెప్పను? కోశాక, అందరూ లూక్ మీద పడ్డారు. నేనే అని ఒప్పుకుంటే ఎందుకో చెప్పాలి. ఎవరికీ చెప్పనని డారిల్‌కి మాటిచ్చాను. అప్పటికే రెండుసార్లు తప్పాను."

బాబియాక్ బల్ల మీద చేతులు ఆనించి ముందుకు వంగాడు. "ఈ పిల్లాడి తలకి లోపల దెబ్బ తగిలింది. ఇంకో దెబ్బ తగిలితే చచ్చిపోవచ్చు. ఇదీ సంగతి."

పెనర్ ఒక్కొక్క మొహమే చూశాడు. ఇప్పుడు ఉలిక్కిపడతారు, ఇప్పుడు కేక వేస్తారు అని చూశాడు. కోచ్ కిటికీ పరదా వైపు చూస్తున్నాడు. తండ్రి తన అరచేతులు చూసుకుంటున్నాడు. ఒక్క మొహంలోనూ ఆశ్చర్యం లేదు. అందరికీ ముందే తెలుసు. తెలియనిది గురువుగారికీ తనకీ మాత్రమే.

"నాకు దవడ విరిగితే తీగలు కట్టించుకుని ఆడాను," అన్నాడు ఏంగస్ చివరికి. "ఇలాంటి రోజు వాడికి మళ్లీ రాదు."

"వాణ్ణే అడగండి ఏ వారమో," అన్నాడు బాబియాక్.

"శనివారం," అన్నాడు డారిల్, పెనర్ వైపు చూసి కృతజ్ఞతగా నవ్వుతూ. "ఫైనల్. ఇంకా మొదలవ్వలేదు. సున్నా–సున్నా."

"విన్నావుగా," అన్నాడు కోచ్. లూక్ భుజం మీద చేయి వేశాడు. "పొరపాటైపోయింది రా అబ్బీ. మనసులో పెట్టుకోకు. పద, సంచి తీసుకో."

అప్పుడు డారిల్ చూపు ఆ సంచి మీద పడింది.

"లూక్, నీవి ఒకసారి ఇవ్వు. తొడిగి చూస్తాను."

"వద్దు లూక్," అంది ఇర్మా.

"ఒరేయ్, నిన్ను ద్రోహి అన్నప్పుడు కూడా నేను నమ్మలేదు రా," అన్నాడు డారిల్. "నా పక్కన ఉన్నావా లేవా?"

లూక్ ఇర్మాను చూశాడు, కోచ్‌ను చూశాడు, బాబియాక్‌ను చూశాడు. పొద్దుటి నుంచి ద్రోహి అనిపించుకున్నవాడు మళ్లీ ఆ మాట పడలేకపోయాడు. మోకాళ్ల మీద కూర్చుని సంచి తెరిచాడు. స్కేట్లు డారిల్ కాలికి సరిగ్గా సరిపోయాయి.

బాబియాక్ ఆ సాయంత్రం పోలీసుల దగ్గరికి వెళ్లాడు, టోర్నమెంటు పెద్దల దగ్గరికి వెళ్లాడు, డాక్టరు దగ్గరికి వెళ్లాడు. డాక్టరు డారిల్‌ను మళ్లీ మూడు ప్రశ్నలు అడిగి, చేతులు దులుపుకున్నాడు. మిగతావాళ్లు గడియారం చూసుకుని, టికెట్టు ఉందా అని బాబియాక్‌ను అడిగారు.

ఆట మొదలైంది. డారిల్ మొదటి గోల్ కొట్టాడు. ఊరు ఊరంతా లేచి నిలబడి అరిచింది, ఏంగస్ టోపీ తీసి మంచు మీదికి విసిరాడు. పెనర్ కూడా ఒక్క క్షణం లేచాడు. అది తలుచుకుని తర్వాత చాలా సిగ్గుపడ్డాడు. మూడో పీరియడ్‌లో అవతలి జట్టు ఒంటారియో కుర్రాడొకడు డారిల్‌ను గోడకేసి గుద్దాడు. అందులో తప్పేమీ లేదు, రోజూ తగిలే దెబ్బే. రిఫరీ ఈల కూడా ఊదలేదు. డారిల్ లేచాడు. నెమ్మదిగా జారుకుంటూ వెళ్లి అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు.

అవతలి కుర్రాళ్లు ముందు నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, జరిగి, చోటిచ్చారు. డారిల్ తల పక్కవాడి భుజం మీదికి వాలింది. ఆ కుర్రాడు ఎవరో, పేరేమిటో గానీ, డాక్టరు వచ్చేదాకా కదలకుండా అలాగే కూర్చున్నాడు. ఈసారి చెవిలో జవాబులు చెప్పేవాళ్లు లేరు.

బిట్టర్ క్రీక్ గెలిచింది. ఆసుపత్రి వరండాలోకి వీధిలో కారు హారన్లు వినపడుతూనే ఉన్నాయి. తండ్రిని లోపలికి తీసుకెళ్లారు. నర్సు ఇర్మాను ఆపింది.

"మీరు తల్లా అండీ?"

"కాదు. మా ఇంట్లో ఉంటాడు."

"అయితే ఇక్కడే కూర్చోవాలి."

ఇర్మా కూర్చుంది. ఆమె పక్కన లూక్ కూర్చుని ఉన్నాడు. నర్సు తెచ్చి ఇచ్చిన అతని స్కేట్లు ఒడిలో ఉన్నాయి. ఏంగస్ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. ఎవరినీ చూడకుండా గోడకు ఆనుకుని, అలాగే జారి నేల మీద కూర్చుండిపోయాడు. ఇక ఎవరూ ఏమీ అడగనక్కరలేకపోయింది.

చాలాసేపటికి బాబియాక్ ఆమె ముందుకు వచ్చి నిలబడ్డాడు. అంత మనిషీ కుంచించుకుపోయినట్టున్నాడు. "నన్ను క్షమించమ్మా," అన్నాడు.

"మీ తప్పేముంది. అడిగిన పని చేశారు. లూక్ పేరు నిలబెట్టారు," అంది ఇర్మా. ఆమె గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. "నేనే మీ దగ్గరికి రాకుండా ఉండాల్సింది. వీడు ద్రోహి అనిపించుకుని బస్సెక్కి పోయేవాడు. ఆ స్కేట్లూ వీడితోనే పోయేవి. ఈపాటికి నా పిల్లలిద్దరూ బతికే ఉండేవాళ్లు."

లూక్ ఆమె భుజానికి తల ఆనించి, తన సొంత ఫ్రెంచి మాటల్లో ఏదో గొణుగుతూ ఏడుస్తున్నాడు.