ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి

పామిడి దగ్గర పెన్న గట్టున మా మంచినీళ్ల పథకానికి ఒక బావి, దాని మీద పంపుహౌసు, అందులో ఒక కంప్యూటరు ఉన్నాయి. నేను అక్కడ ఆపరేటర్ని. పేరు ఆంజినప్ప. వారంలో రోజుకో ఊరి వంతు. ఏ రోజు ఏ ఊరికి వదలాలో, మోటారు ఎప్పుడు వేయాలో కంప్యూటరే చూసుకుంటుంది. నాకు మిగిలిన ఉద్యోగం కుర్చీకి కాపలా.

రెండు వేల సంవత్సరం వచ్చిన రోజు అది పందొమ్మిది వందల సంవత్సరానికి వెళ్లిపోయింది. శనివారాన్ని సోమవారం అనుకుని వేరే ఊరికి నీళ్లు వదిలింది. జనం బిందెలతో కొట్టుకున్నారు. ఇంజనీరు హర్ష వచ్చి తేదీని 1972కి మార్చాడు.

"ఆ ఏడూ ఈ ఏడూ వారాలన్నీ ఒకటే అన్నా. మళ్లా ముట్టుకోవద్దు."

తల ఊపాను. ఆ ఏడు గురించి అతనికేం తెలుసు?

అప్పుడు ఈ బావి మాదే. మే పన్నెండు, శుక్రవారం. తమ్ముడు లింగప్ప బురద తీయడానికి లోపలికి దిగాడు. పది గంటలకు కరెంటు వచ్చింది. ఆ కరువులో కరెంటు రోజుకు రెండు గంటలే. రాగానే చెయ్యి స్టార్టరు మీదికి పోయేది. నా చెయ్యీ పోయింది. లోపలున్న మోటారు నుంచి నీళ్లలోకి కరెంటు పాకి వాడు చనిపోయాడు. స్టార్టరు దానంతటదే పడిందని అందరికీ చెప్పాను. వాడి భార్య తిరుపాలమ్మ కూడా నమ్మింది. ఏడుద్దామని చూశాను, రాలేదు. అప్పటి నుంచి నాకు ఏ ఏడుపూ, ఏ భయమూ రాలేదు.

ఈసారి కూడా మే పన్నెండు శుక్రవారమే. తిరుపాలమ్మ ఊరి వంతు. రెండు వారాలుగా వాళ్ల వంతు రోజునే మోటారు చెడిపోయి వాళ్లకు చుక్క లేదు. పశువులు పడిపోతున్నాయని కబురు.

పది కావడానికి రెండు నిమిషాలు. కంప్యూటరు తెర మీద 1972 మే పన్నెండు; పదికి అదే మోటారు వేస్తుంది. ఎండకు పైరేకులు టపటపమంటున్నాయి. బావిలోంచి అప్పుడే తవ్విన బురద వాసన వచ్చింది.

"అన్నా..."

వంగి చూశాను. నీళ్లు. ఎవరూ లేరు.

"అన్నా... నేనింగా లోపలే ఉండా... ఎయ్యద్దు..."

ఆపే మీట నా చేతి కిందే ఉంది. ఆపితే ఈ వారమూ ఆ ఊరు ఎండుతుంది. ఆపకపోతే... వాడు పోయి ఇరవై ఎనిమిదేళ్లయింది కదా అనుకున్నాను. చెయ్యి కదల్లేదు. భయం కూడా వేయలేదు. అందుకే నాకు సిగ్గు.

పదయింది. మోటారు అందుకుంది. అడుగున నీళ్లు ఒక్కసారి తపతపా కొట్టుకున్నాయి. తర్వాత మోటారు మోత ఒక్కటే.

మధ్యాహ్నం ఫోను మోగింది. తిరుపాలమ్మ, వాళ్ల ఊరి ఎస్టీడీ బూత్ నుంచి.

"బావా, నీళ్లొచ్చినాయి. బిందెలన్నీ నిండినాయి."

"మంచిదమ్మా."

"ఆ పొద్దు మోటారేసింది నువ్వేనంట కదా?"

"ఎవరు చెప్పినారు?"

"ఈడే ఉండాడు," అంది మామూలుగా. "ఇస్తా, మాట్లాడు."

రిసీవరు చేతులు మారింది. అవతల మాట లేదు... ఊపిరి లేదు... చెవికి చల్లగా ఏదో తగిలింది. తీసి చూశాను. రిసీవరు చిల్లుల్లోంచి సన్నగా నీళ్లు కారుతున్నాయి.