డబ్బాలో పెట్టిన చెవి

మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా గది ఒక విల్లా వెనక వైపు ఉంటుంది. ఒకటే కిటికీ. జూన్ వచ్చిందంటే పన్నెండింటికల్లా మందపాటి పరదా లాగేస్తాను. ఇక పట్టపగలే చీకటి. ఏసీ గాలిలో తడి కార్పెట్ వాసన, చల్లారిన పులుసు వాసన. మా ఆయన కలీం ముసఫ్ఫాలో నీళ్ల క్యాన్ల వ్యాను నడుపుతారు. ఆరు దాటితేగాని రారు.

ఆ వేళకు నేను చెవి మెషీను తీసి, తేమ పీల్చే డబ్బాలో పెట్టేదాన్ని. నాలుగేళ్ల కిందట జ్వరం వచ్చి నాకు రెండు చెవులూ పోయాయి. పోయినేడు ఆపరేషన్ చేసి, కుడివైపు తల చర్మం కింద ఒక బిళ్ల, లోపలి నరం దాకా సన్నని తీగ పెట్టారు. బయటి మెషీను అయస్కాంతంతో తలకు అతుక్కుంటుంది. పెట్టుకుంటే వింటాను, తీస్తే రాయిని. నిజం చెప్పాలంటే, మధ్యాహ్నాలు అలా రాయిలా ఉండడమే నాకు హాయి.

కలీంకు సైన్స్ ఫిక్షన్ సినిమాల పిచ్చి. "నువ్వు సైబోర్గ్‌వి అయిపోయినావు రహమత్" అని ఏడిపించేవారు.

"కళ్లజోడు పెట్టుకునే మీరూ అంతే కదా?"

"కాదు. కళ్లజోడు తీస్తే నేను నేనే. యంత్రం నరంతో కలిసిపోయి, ఏది మనిషో ఏది యంత్రమో విడదీయలేకపోతేనే సైబోర్గ్."

"నేనూ తీసి డబ్బాలో పెడతాను కదా!"

"బయటిది తీస్తావు. లోపలిదో?"

ఇద్దరం నవ్వుకున్నాం.

వారం తిరక్కుండానే, ఒక మధ్యాహ్నం బట్టలు మడతపెడుతుంటే గుసగుస వినిపించింది. పక్కగదిలో ఎవరో పాఠం వల్లె వేస్తున్నట్టు, ఒకే ముక్క మళ్లీ మళ్లీ. ఏ భాషో తెలియదు. చెయ్యి తలమీదికి పోయింది. మెషీను లేదు. డబ్బాలో ఉంది, మూత పెట్టే ఉంది.

సాయంత్రం కలీంకు చెప్పాను. "ఒంటరిగా ఉంటావు కదా, అట్లే అనిపిస్తాది" అన్నారు.

క్లినిక్కుకు ఫోన్ చేశాను. అరబిక్‌కు ఒకటి నొక్కండి, ఇంగ్లీషుకు రెండు నొక్కండి. చెవిటిదానికి ఫోనులోనా ఇవన్నీ? యాప్‌లో రాస్తే జవాబొచ్చింది: "లోపలి భాగంలో బ్యాటరీ ఉండదు. బయటిది లేకుండా శబ్దం వినిపించడం సాధ్యం కాదు." మళ్లీ రాశాను. అవే రెండు వాక్యాలు. మూడోసారీ అవే. ఫోను మంచం మీదికి విసిరికొట్టాను.

అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత దొరికింది. ఈలోగా గుసగుస రోజూ వచ్చేది. ఒక పొద్దున విసుగెత్తి, బ్యాటరీ ఊడబీకి మెషీనును కలీం టిఫిన్ సంచిలో పడేశాను. "తీసుకుపొండి దీన్ని. ఇంట్లోనే ఉండకూడదు."

ఆ మధ్యాహ్నం పరదా లాగి మంచం మీద కూర్చున్నాను. నిశ్శబ్దం. పది నిమిషాలు... ఇరవై...

మొదలైంది.

ఈసారి పక్కగదిలో కాదు. దగ్గర. చాలా దగ్గర. చెవులు మూసుకున్నాను. తగ్గలేదు. దిండు కింద తల పెట్టాను. తగ్గలేదు...

"ఎవరూ?" అన్నాను. నా గొంతు నాకు వినపడలేదు.

దానికి వినిపించింది. ఆగిపోయింది.

భయపడి ఆగినట్టు లేదు. నేను ఇంకేమంటానో విందామని ఆగినట్టుంది. కలీం వచ్చేదాకా నోరు తెరవలేదు నేను. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మాట్లాడడమే మానేశాను.

క్లినిక్కులో వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు అమ్మాయి మెషీనును కంప్యూటర్‌కు తగిలించింది. ఎన్ని గంటలు వాడామో, చుట్టూ ఏ శబ్దాలున్నాయో అందులో నమోదవుతుందట.

"రాత్రి కూడా పెట్టుకునే పడుకుంటున్నారా? రోజుకు ఇరవై నాలుగు గంటలు తలమీదే ఉన్నట్టు చూపిస్తోంది."

"లేదు. తీసి డబ్బాలో పెడతాను."

"మెషీను అబద్ధం చెప్పదు మేడమ్. మీ ఇంట్లో చాలామంది ఉంటారా? రోజుకు పదకొండు గంటలు మనుషుల మాటలే."

"మేమిద్దరమే."

టిఫిన్ సంచిలో పంపిన తేదీ చెప్పి, ఆ రోజుది చూడమన్నాను. ఆ రోజూ అంతే. ఇరవై నాలుగు గంటలు. కలీం ముందుకు వంగి ఆ తేదీ మళ్లీ చూశారు. ఆ రోజు బ్యాటరీ లేని మెషీను ఆయన పక్క సీటులోనే ఉంది.

"చెప్పండి!" అన్నాను ఆయనతో.

ఆయన నా వైపు చూడలేదు. "సాఫ్ట్‌వేర్ తప్పేమో" అని గొణిగారు. ఆ అమ్మాయి ఏవో సెట్టింగులు మార్చి, నెల తర్వాత రమ్మంది. ఖలాస్!

కలీం వ్యాను తేవడానికి వెళ్లారు. నేను హాల్లో కూర్చుని కోపంతో ఏడుస్తున్నాను. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, చెవి వెనక నాదిలాంటి మెషీనే.

"తెలుగువాళ్లా అమ్మా? నా పేరు సత్యకుమారి. మాది తణుకు." లోపలి తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "వీళ్లకు చెప్పి లాభం లేదు. నేను ఏడాదిపాటు చెప్పి చెప్పి మానేశాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మీకూ వినిపిస్తుందా? నాకు ఒక్క ముక్కా అర్థం కాదండీ!"

"మొదట్లో నాకూ అంతే. ఓపిక పట్టు. నాలుగు నెలల్లో తెలుగు నేర్చేసుకుంది."

"ఏం... ఏం చెబుతుంది?"

ఆవిడ తన మెషీను తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఇక నా మాట ఆవిడకు వినపడదు. తల కాస్త వంచి, కళ్లు మూసుకుని, ఎవరో చెప్పేది శ్రద్ధగా విన్నారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు.

"మధ్యాహ్నాలు నువ్వు ఒక్క మాటా మాట్లాడవట కదమ్మా."