తడి ఆరని బొమ్మ

వేలికి రంగు అంటుకుంటుంది!

డాక్టరమ్మ చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. మంచానికి ఎదురుగా కొత్త బొమ్మ. నిన్న లేదు.

బొమ్మలో నిద్రపోతున్న ఆడమనిషి... తనే!

అదే నైటీ. తెరుచుకున్న నోరు. గడ్డం మీదికి కారిన చొంగతో సహా!

ఎవడో గంటలకొద్దీ ఇక్కడే కూర్చుని తనని చూశాడు...

తల దిమ్ము. నాలిక పిడచకట్టింది. ఆపరేషన్లకి మత్తిచ్చే మనిషికి ఇది మత్తుమందని ఒకరు చెప్పాలా?

"ఏవండీ!"

పక్కన మంచం ఖాళీ. 'చిత్రకారుల పేట, పాతకాలపు ఇల్లు, గోడ గోడకీ బొమ్మలే' అని ఊరించి పెళ్ళిరోజుకి ఈ ఇల్లు బుక్ చేసింది భర్తే.

ఫ్రేమ్ పక్కకి జరుపుతుంది. వెనక తలుపు!

తోస్తుంది. గుప్పుమని టర్పెంటైన్ కంపు. లోపల ఇంటి ఓనరు, ముసలి చిత్రకారుడు, కుంచెలు కడుగుతున్నాడు.

"అప్పుడే లేచారేంటి మేడమ్?"

చుట్టూ బొమ్మలు. అందరూ ఆడవాళ్ళే. అందరూ నిద్రలోనే. ఒక్కొక్క బొమ్మ కింద గుండుసూదితో గుచ్చిన జుట్టు పాయ!

డాక్టరమ్మ తన జడ తడుముకుంటుంది. చివర కత్తిరించి ఉంది.

ఛీ!

ఒక్క బొమ్మలో మాత్రం కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆ ముఖం ఆల్బమ్‌లో చూసింది. భర్త మొదటి భార్య!

ఎవడితోనో లేచిపోయిందన్నాడే...

"ఆవిడా?" ముసలాడు నిట్టూరుస్తాడు. "మధ్యలో లేచింది. మళ్ళీ పడుకోబెట్టక తప్పలేదు. మీవారే పడుకోబెట్టారు."

టర్పెంటైన్ డబ్బా అందుకుని వాడి కళ్ళలో కొడుతుంది. బయటికి దూకి గడియ పెడుతుంది. హాల్లోకి పరుగు...

వీధి తలుపుకి ఆనుకుని భర్త. చేతిలో పిస్తోలు!

"అరవకు. నిద్రలో నువ్వెంత బాగుంటావో తెలుసా? మా ఫ్రెండ్సందరూ..."

"ఫ్రెండ్సా!"

పక్కనున్న కంచు విగ్రహం ఎత్తి మణికట్టు మీద బాదుతుంది. పిస్తోలు జారుతుంది. అందుకుంటుంది!

భర్త చెయ్యి పట్టుకుని మూలుగుతూనే నవ్వుతాడు.

"కాల్చలేవులే. ఆరేళ్ళు కాపురం చేశాను... నీ సంగతి నాకు తెలీదా?"

డాక్టరమ్మ అతని మోకాలికి గురి పెడుతుంది.

"తెలుసు. నీ సంగతే నాకు తెలియలేదురా!"

ఢాం!