మొండిఘటం, మొదటి పూత

మధ్యాహ్నం మూడు కూడా కాలేదు, మొండిఘటం ముక్కు నిండా పంచదార పొడే. ఇంట్లో ఆ అమ్మాయిని అందరూ పిలిచే పేరు అదే. వద్దన్న పని ఒక్కటైనా చెయ్యకపోతే ఆమెకు ఆ రోజు అన్నం సహించదు.

ఈ రోజు అమ్మ పుట్టినరోజు. అమ్మ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి నాలుగున్నరకు వస్తుంది. ఆలోగా చాక్లెట్ కేకు మీద తెల్లటి బటర్‌క్రీమ్ పూసేసి, "నేనొక్కదాన్నే చేశాను" అనాలి. అదీ ఆమె పంతం.

కేకు చల్లారింది. వెన్న, పంచదార పొడి కలిపి గిలక్కొడితే క్రీమ్ నురగలా తేలింది. ఇక పూయడమే మిగిలింది.

గుమ్మంలో నిలబడి చూస్తున్న తాతయ్య ఉండబట్టలేకపోయాడు.

"ముందు పల్చగా ఒక పూత వెయ్యి తల్లీ. అది బిగిశాక రెండోది మందంగా వెయ్యి."

తాతయ్య నలభై ఏళ్లు తాపీమేస్త్రిగా పనిచేశాడు. ఎన్ని గోడలు నున్నగా పూశాడో ఆయనకే లెక్క తెలియదు.

"ఇది గోడ కాదు తాతయ్యా! నీ సలహాలు సిమెంటుకి చెప్పుకో!"

తాతయ్య చేతిలోని గ్లాసు అక్కడే పెట్టేసి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

"అక్కా, తాతయ్యకి కోపమొచ్చింది," అన్నాడు ఆరేళ్ల తమ్ముడు.

"వస్తే రానీ!"

పెద్ద ముద్ద వేసి చాకుతో లాగింది. చాకు వెంట కేకు పొడి కూడా లేచొచ్చింది. తెల్లటి క్రీమ్ నిండా నల్లటి చుక్కలు! గీకేసి మళ్లీ పూసింది. ఈసారి ఒక పెచ్చు ఊడింది. గీకిన కొద్దీ రాలుతూనే ఉంది.

"అక్కా, కేకుకి తట్టు పోసింది!"

"నోర్ముయ్!" అంది.

ఇలాంటి కేకు అమ్మ ముందు పెట్టాలా? చచ్చినా పెట్టదు. పోనీ తాతయ్యని అడగాలా? చచ్చినా అడగదు. గిన్నెలో చూస్తే క్రీమ్ సగమే ఉంది. తాతయ్యని అన్న మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

చాకు పట్టుకుని బాల్కనీలోకి నడిచింది. తాతయ్య ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు.

"ఎలా పుయ్యాలి?" అని ఎటో చూస్తూ అడిగింది.

"ఆగు, సిమెంటుతో మాట్లాడుతున్నా."

"సిమెంటు కంటే నేనే మొండిదాన్ని. తప్పయిపోయింది, రా తాతయ్యా!"

తాతయ్య వచ్చాడు కానీ చాకు ముట్టుకోలేదు.

"ముందు ఆ గీకడం ఆపు. ఉన్న క్రీమ్‌నే పల్చగా పరిచెయ్యి, రాలే పొడి ఆ పూతలోనే అతుక్కోనీ. చుక్కలు కనిపిస్తే కనిపించనీ. ఇప్పుడు ఆరనివ్వు."

"వెన్న ఆరదు తాతయ్యా, గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో పెడతా."

"ఇదీ మేస్త్రి బుర్ర అంటే!"

అరగంట ఆగాలి. మొండిఘటానికి అది అరయుగం. ఆమె చెయ్యి ఫ్రిజ్ మీదికి వెళ్లినప్పుడల్లా తాతయ్య దగ్గాడు.

తర్వాత చాకుని వేణ్ణీళ్లలో ముంచి తుడిచి, మిగిలిన క్రీమ్ పూసింది. తెల్లగా, నున్నగా పరుచుకుంది. ఒక్క చుక్క లేదు.

నాలుగున్నరకు అమ్మ వచ్చింది. వెనకే పక్కింటి ఆంటీ.

"అబ్బ! ఎవరు చేశారే ఇది?" అంది అమ్మ.

"అక్క ఒక్కతే!" అని తమ్ముడు అరిచాడు. పొద్దున్నుంచీ అక్క వాడికి నేర్పిన మాట అది.

తలుపు దగ్గరున్న తాతయ్య కాదనలేదు. మొండిఘటం "అవును" అంటే చాలు. కానీ ఆమె తాతయ్య వైపు చూసింది.

"ఒక్కదాన్నే కాదు. క్రీమ్ ఎలా పుయ్యాలో తాతయ్య చెప్పాడు."

ఆంటీ పకపకా నవ్వింది. "గోడలు పూసే ఆయనకి కేకుల సంగతేం తెలుసే?"

మొండిఘటం నడుం మీద చెయ్యి పెట్టింది.

"తెలుసు ఆంటీ. తెలియనిది నాకే. నేను పాడుచేస్తే తాతయ్య నిలబెట్టాడు."

ఆంటీ నవ్వు ఆగిపోయింది. అమ్మ చాకు తీసుకుంది.

"ఆగమ్మా!"

మొండిఘటం పరుగెత్తి తాతయ్య చెయ్యి పట్టుకుంది. ఆయన "నేనెందుకే" అంటున్నా వినలేదు. లాక్కొచ్చి అమ్మ పక్కన నిలబెట్టేదాకా కేకు కొయ్యనివ్వలేదు.